గొర్లు వచ్చినయి, పిలుపు రాలేదు

షాద్‌నగర్‌లో మేం కిరాయికుండే అపార్ట్‌మెంట్ కింది హాల్లో శనివారం పొద్దున చిన్నపిల్లల పాటల క్లాసు ఉంటుంది. ఒక పాట స్పానిష్‌లో, వెంటనే అదే పాట తెలుగులో పాడతారు. పిల్ల పక్కన తల్లో తండ్రో నానమ్మో కూర్చొని తామూ పాడాలి, అది అక్కడి నియమం. మొన్న టీచరు మానస అందరి చేతుల్లో తలా ఒక మరాకా పెట్టింది, ఎండిన చిన్న సొరకాయలో గింజలు పోసి పుల్ల గుచ్చిన వాయిద్యం. మా బాబు దాన్ని ఊపకుండా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేనూ వాసన చూశాను. కొంచెం చేదు, కొంచెం మట్టి. కట్టంగూరులో మా అవ్వ, బాపు తల్లి, గొర్ల వెంట పోయేటప్పుడు భుజానికి తగిలించుకునే నీళ్ళ సొరబుర్రది అదే వాసన.

బాబుకు రెండున్నరేళ్ళు దాటినా ఇంకా ఒక్క మాట రాలేదు. చెవులు బాగున్నాయని డాక్టరు చెప్పారు, ఇంకొన్నాళ్ళు చూద్దామన్నారు, పాటలు మంచివేనన్నారు. మా అత్తమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అంటుంది: "సొంత మాటే రాకపాయె, గా పోరనికి పరాయి మాటెందుకే? ఏది పట్టాల్నో తెల్వక నోరు మూసుకున్నడు." ఆమె అన్నది నిజమేనేమోనని నాకూ భయమే. ఈ నెలతో క్లాసు మాన్పిద్దామని దాదాపు అనుకున్నాం.

మాది గొర్ల ఇల్లు. వానకాలమంతా గోడకు ఆరేసిన గొంగడి తడి వాసన, గంప కింద మూసిన గొర్రెపిల్లల పాల వాసన, పొయ్యి మీద కుతకుతలాడే మక్కగటక వాసన కలిసి మా బడి బట్టలకు కూడా పట్టి ఉండేవి. అవ్వ జొన్నరొట్టె తుంచి పచ్చిపులుసులో నానేసి, మెత్తబడేదాకా దొడ్డిలో గొర్ల కాళ్ళు చూసి, వచ్చి నింపాదిగా తినేది. దసరా ముందర గుట్ట మీద సీతాఫలాలు కన్ను విప్పగానే ఎండుగడ్డి మంటలో కాల్చుకొని, మసి అంటిన మూతులతోనే పుల్లలతో చిర్రగోనె ఆడేవాళ్ళం. బతుకమ్మకు తంగేడు పువ్వు తెంపబోయినా, గునుగు కోయబోయినా పొద్దు గూకకముందే తిరిగి రావాలి, ఎందుకంటే గుట్ట నుంచి ఇంటికి రావాలంటే మంద హైవే దాటాలి, దాటించడానికి అందరూ ఉండాలి.

దాటించేది మాత్రం అవ్వ పిలుపే. రోడ్డుకు ఇవతల నిలబడి, లారీలు తెరిపి ఇచ్చినప్పుడు, గొంతు లోపలి నుంచి "హో...య్యో" అని సాగదీస్తే మందంతా ఒక్క గుంపుగా దిగి వచ్చేది. ఒక్కో ఇంటికి ఒక్కో పిలుపు. రెండిళ్ళ మందలు గుట్ట మీద కలిసిపోయినా సాయంత్రం ఎవరి పిలుపుకు వాళ్ళవి విడిపోయి వచ్చేవి.

రాష్ట్రం వచ్చినాక సర్కారు గొర్లిచ్చిన కాలంలో నేను హైస్కూల్లో ఉన్నాను. బాపు కృష్ణానది అవతలికి పోయి లారీలో కొత్త గొర్లను తెచ్చాడు, ఎర్రగా, పొడుగు కాళ్ళతో, మా నల్ల గొర్ల పక్కన చుట్టాల్లాగా బెరుకుగా ఉండేవి. అవ్వ ఒక్కొక్కదాని నోరు తెరిచి పళ్ళు చూసి, నడుం తట్టి, చివరికి బాపును అడిగింది.

"గొర్లు మంచియే. పిలుపేది రా?"

దూరపు మందను కొన్నవాడు దాని పిలుపు కూడా తెచ్చుకోవాలి. అమ్మినవాడి పక్కన నిలబడి, అతను పిలిచినట్టే పిలిచి, గొర్లు తలెత్తి చూసేదాకా నేర్చుకొని అప్పుడు బండెక్కించాలి.

"మరిసిన అవ్వా. వానొస్తదని జల్ది ఎక్కించిన."

"లారీల జాగ సాల్లేదేమో గదానికి."

ఆ సాయంత్రం నల్లవి రోడ్డు దాటి వచ్చాయి, ఎర్రవి అవతలే నిలబడిపోయాయి. అవ్వ పిలిచేకొద్దీ ఇంకా దగ్గరగా ఒదిగాయి. బాపు వెనక నుంచి తోలితే సగం రోడ్డు మీదికొచ్చి ఆగిపోయాయి. బ్రేకు వేసిన లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఏమే, నీ గొర్లకు చెవుడా?" అన్నాడు. మేం చెవులు పట్టి, మెడలు పట్టి ఈడ్చుకొచ్చాం.

"మొద్దు గొర్లు," అన్నాడు బాపు దొడ్డికి తడిక పెడుతూ.

"మొద్దుయి కావు. ఇంటున్నయి. ఎవ్వని మాట నమ్మాల్నో సూస్తున్నయి. జర ఆగు, ఫికర్ జేయకు."

మర్నాడు బాపు అమ్మినాయనకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి దొడ్డి మధ్యలో పట్టుకున్నాడు. అవతల నుంచి ఆయన నాలుకను అంగిట్లో దొర్లిస్తూ "ట్ర్ర్ర్ర్" అన్నాడు. ఎర్రవన్నీ ఒక్కసారి లేచి బాపు చేతిలోని ఫోనును చుట్టుముట్టాయి. నల్లవి చూస్తూ నిలబడ్డాయి. అవ్వ ప్రయత్నించింది కానీ ముందు పళ్ళు లేక గాలే వచ్చింది. నాకు రెండు రోజుల్లో పట్టుబడింది. అప్పటి నుంచి సాయంత్రాలు రోడ్డు పక్కన నా జాగా అవ్వ పక్కనే.

"ముందుగాల వాటి మాట, ఎనుక మన మాట," అంది అవ్వ. నేను ట్ర్ర్ర్ అనేదాన్ని, అది ఆగకముందే తను హోయ్యో అనేది. వానకాలమంతా ఎర్రవి నా పిలుపుకే వచ్చాయి, తన పిలుపుకు చెవి కూడా కదపలేదు. బాపు విసుక్కునేవాడు. అవ్వ పిలుస్తూనే ఉండేది. సీతాఫలాలు అయిపోయే రోజుల్లో ఒకనాడు నేను బడి నుంచి ఆలస్యమై, పరుగున వచ్చేసరికి అవ్వ ఒక్కతే పిలుస్తోంది. ఎర్రవి ముందు దిగాయి. ఆమె సొరబుర్ర ఎత్తి నీళ్ళు తాగింది.

మొన్న క్లాసులో చివరి పాటలో రైలు వస్తుంది, స్పానిష్‌లో దానికి ర అక్షరాన్ని బాగా దొర్లించాలి. తల్లులందరూ నవ్వుకుంటూ ప్రయత్నిస్తున్నారు. నేను గొర్లను పిలిచినట్టే ట్ర్ర్ర్ అనేశాను. చెప్పుల స్టాండు దగ్గర మరాకా వాసన చూస్తున్న బాబు తల తిప్పి, నడిచి వచ్చి నా ఒళ్ళో కూర్చున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నరండీ?" అంది మానస.

"గొర్ల దగ్గర," అన్నాను. ఆమె తమాషా అనుకుంది.

అవ్వ లేదు ఇప్పుడు. నేను డిగ్రీలో ఉండగా బాపు మందను అమ్మేశాడు. కొన్నవాళ్ళు పిలుపు అడగలేదు, కోతకు తీసుకుపోయేవాళ్ళకు దానితో పని లేదు. గుట్ట కింది బీడు ప్లాట్లయింది. ఏ ఇంటి పిలుపు ఏదో చెప్పగలిగినవాళ్ళు కట్టంగూరులో ఇంకెందరున్నారో తెలియదు. క్లాసు ఇక మాన్పించేది లేదని అత్తమ్మకు ఇంకా చెప్పలేదు.

నిన్న సాయంత్రం బాబు బాల్కనీ చువ్వలు పట్టుకొని ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాట్ల వైపు చూస్తూ, నాలుక సరిగా ఆడక, ఉమ్ము తుంపర్లతో "ట్ర్ర్ర్" అన్నాడు. కాసేపు చూసి మళ్ళీ అన్నాడు. అక్కడి నుంచి రావడానికి ఏమీ లేదు. నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి ఆపి వెళ్ళాను.