నత్తల రేవులో ఐదు ఆధారాలు

సదాశివరావుగారు ముప్పై రెండేళ్ళపాటు జనాన్ని అనుమానించి జీతం తీసుకున్నారు. ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో విజిలెన్స్ విభాగం ఆయనది. రిటైరై వసంత్ కుంజ్‌లో స్థిరపడ్డాక జీతం ఆగింది, అనుమానం మాత్రం ఆగలేదు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటారు, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడంటారు. "దేవుడు ప్రత్యక్షమైనా ఈయన ముందుగా ఐడీ కార్డు అడుగుతారు" అని భార్య సరోజగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉంటారు.

అలాంటి మనిషి చేతికి ఫోన్‌లో గేమ్ ఎలా వచ్చిందంటే, మోకాలి ఆపరేషన్ వల్ల. రెండు నెలలు మంచం దిగకూడదన్నారు. స్నేహితుడి కూతురు సాత్విక, గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చూడ్డానికి వచ్చి తను ఆడే ఆటనే ఆయన ఫోన్‌లోనూ ఎక్కించి, ఢిల్లీ తెలుగువాళ్ళు పాతికమంది కలిసి ఆడే జట్టులో చేర్చింది. ఆ జట్టుకు నాయకురాలు తనే.

ఆ ఆటలో ఒక నది ఉంది, దానికొక రేవు ఉంది, రేవు నిండా ఎద్దులంత నత్తలు ఉంటాయి. బల్లెంతో పొడిస్తే నత్త చచ్చి గుల్ల రాలుతుంది. నిమిషంలో అదే నత్త మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పొడవాలి. గుల్లలతో కవచాలు చేసుకోవచ్చు. ఏ కొన్ని వేలసార్లకో ఒకసారి నీలిగుల్ల రాలుతుంది, దానికోసమే ఈ తంటా అంతా. కుర్రకారు దీన్ని ఫార్మింగ్ అంటారు. అందులో విత్తేదీ లేదు, కలుపు తీసేదీ లేదు, ఎప్పుడూ కోతే.

"చచ్చిన నత్తనే మళ్ళీ మళ్ళీ చంపితే పాపం మొదటిసారికే చుట్టుకుంటుందా, ప్రతిసారీనా?" అని సరోజగారు కాఫీ ఇస్తూ అడిగారు.

రావుగారు ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. ఆయన నీతి ఒక్కటే. చేత్తో పొడిస్తే అది కష్టార్జితం. కొందరు మనిషి లేకుండా ఫోన్ తనంతట తనే ఆడేలా ప్రోగ్రామ్ పెట్టేస్తారు, దాన్ని బాట్ అంటారు. అది దొంగతనం. ఇద్దరూ చేసేది అదే పని కదా, నత్తకు తేడా ఏముంది అని సాత్విక ఒకసారి వాదించబోతే, ఆఫీసులో పనిచేసినవాడికీ, పనిచేయకుండా సంతకం పెట్టినవాడికీ ఉన్న తేడా ఉందని గట్టిగా చెప్పారు.

ఇలా ఉండగా ఆయన కన్ను ఎస్‌కే అనే ఆటగాడి మీద పడింది.

ఎస్‌కే కూడా జట్టులోవాడే. సోమ, బుధ, శుక్రవారాల్లో పదకొండుకు రేవులో దిగుతాడు, మూడుకు మాయమవుతాడు. మిగతా రోజుల్లో కనిపించడు. అంత కచ్చితంగా ఉండటం చూసి రావుగారు నిటారుగా కూర్చున్నారు. ఉద్యోగంలో ఆయనకు పేరు తెచ్చిన కేసు అలాంటిదే. ఒక గుమాస్తా నెల పొడుగునా తొమ్మిదీ ముప్పైకే వచ్చినట్టు హాజరుపట్టీలో సంతకాలు ఉంటే, "మనిషన్నాక ఒక్కరోజైనా బస్సు తప్పుతుంది" అని ఫైల్లో రాశారు. తీరా చూస్తే అన్ని సంతకాలూ ఒక్కపూటలో పెట్టినవే. ఆ సూత్రం ఆనాటి నుంచీ ఆయనకు వేదం.

పాత డైరీ తీసి ఆధారాలు రాసుకోవడం మొదలుపెట్టారు. వేళ తప్పకపోవడం మొదటిది. రెండోది, ప్రతి అరగంటకూ ఎస్‌కే బొమ్మ ఒక నిమిషం కొయ్యబారి నిలబడి మళ్ళీ కదులుతుంది. చేతి గడియారం పెట్టి చూశారు, క్షణం తేడా లేదు. మూడోది, ఎవరు పలకరించినా జవాబు రాయడు. "బాగున్నారా" అని రావుగారే మూడుసార్లు వల వేశారు. ఊహూఁ. నాలుగోది విచిత్రం. రేవు మధ్యలో రాలిన గుల్లలు ఏరుకుంటాడు గానీ, రేవుకొచ్చే దారి అంచున రాలినవి ముట్టుకోడు. నీలిగుల్ల రాలినా సరే, అంచున పడితే వదిలేశాడు! కళ్ళున్న మనిషి వదులుతాడా? ప్రోగ్రామ్‌లో ఏదో లోపం ఉండి ఉంటుంది.

ఐదోదానితో కేసు ముగిసిందనుకున్నారు. నెలకో ఆదివారం జట్టంతా అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనానికి కలుస్తారు. మంచం దిగాక రావుగారూ వెళ్ళారు గానీ, ఎస్‌కే ఒక్కసారీ రాలేదు. ముద్దపప్పు, ఆవకాయ పిలిచినా రాని తెలుగువాడు ఢిల్లీలో ఉంటాడంటే రావుగారు ససేమిరా ఒప్పుకోరు.

"షై టైపేమో అంకుల్, ఛోడియే నా" అంది సాత్విక, మజ్జిగ తాగుతూ.

ఆయన వదల్లేదు. ఇంటికొచ్చి ఆట నడిపే కంపెనీకి మూడు పేజీల ఫిర్యాదు పంపారు. పేరు రహస్యంగా ఉంచాలన్న గడిలో టిక్కు పెట్టడం మరచిపోలేదు. ఎనిమిదోనాడు ఎస్‌కే ఖాతా మూతపడింది. ఆ సాయంత్రం రావుగారు రెండో కప్పు కాఫీ అడిగి మరీ తాగారు.

మర్నాడు సాత్విక ఫోన్ చేసింది. "అంకుల్, ఎస్‌కే అకౌంట్ ఎవరో కంప్లైంట్ ఇచ్చి బ్లాక్ చేయించారు. ఎస్‌కే అంటే ఒక ఆవిడంట, ఇప్పుడే నాకు ఫోన్ చేశారు. జనక్‌పురి ఆంటీ, సరళకుమారిగారు. పదిహేను రోజుల్లో అప్పీల్ పెట్టాలంట. అఫీషియల్ లెటర్ మీకంటే బాగా ఎవరు రాస్తారు? బుధవారం హాస్పిటల్లో ఉంటారు, ప్లీజ్, వెళ్తారా?"

ఆడమనిషి అనగానే ఆయనకు అనుమానం రెట్టింపైంది. ఇదంతా నాటకమేమో, ఎవర్నో కూర్చోబెట్టి ఉంటారేమో అనుకుంటూనే మెట్రో ఎక్కారు. ఆస్పత్రిలో వార్డు పేరు రెండుసార్లు చదివారు. మంచం కాళ్ళవైపు వేలాడే కాగితంలో పేరు కూడా చూశాకే తల ఎత్తారు.

అరవై దాటిన మనిషి. ఎడమచేయి దిండు మీద చాపి ఉంది, దానిలోంచి రెండు గొట్టాలు పక్కనున్న డయాలిసిస్ యంత్రంలోకి వెళుతున్నాయి. గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. కుడిచేతికి బీపీ పట్టీ, ఆ చేతిలోనే ఫోన్.

"రండి రావుగారూ, కూర్చోండి. లేవలేనండి, ఏమీ అనుకోకండి. వారానికి మూడ్రోజులు, ఈ చెయ్యి నాలుగ్గంటలూ కదపకూడదు" అందావిడ. "నలభయ్యేళ్ళు ఊరందరికీ సూదులు గుచ్చిన నర్సునండి. ఇప్పుడు నా వంతొచ్చింది."

గోడ గడియారం పదకొండున్నర చూపించింది. బీపీ పట్టీ బుస్సుమని బిగుసుకుంది. ఆవిడ ఫోన్ ఒళ్ళో పెట్టి, చెయ్యి సడలించి, కళ్ళు మూసుకుంది. రావుగారు తనకు తెలియకుండానే చేతి గడియారం చూశారు. సరిగ్గా ఒక నిమిషం. ఇంత సిగ్గు ఆయన ఉద్యోగంలో ఎప్పుడూ పడలేదు.

"ఒంటిచేత్తో నత్తల్ని పొడవగలను గానీ మాటలు టైపు చెయ్యలేనండి. మీరు బాగున్నారా అంటే బదులు చెప్పలేదని బాధనిపించేది" అందావిడ. "భోజనాలకి రమ్మంటారు. ఆ పప్పులూ పచ్చళ్ళూ నేను తినకూడదు, మంచినీళ్ళు కూడా కొలతే. అందరూ తింటుంటే చూస్తూ కూర్చోలేక రానండి."

నాలుగు ఆధారాలు కూలిపోయాయి. మిగిలినదాన్ని ఆయన పట్టుకుని వేలాడారు. "అంచునున్న గుల్లలు ఎందుకు తియ్యరండీ? నీలిది కూడా వదిలేశారు."

"మీరు చూశారా!" అని నవ్విందావిడ. "మాది పాలకొల్లు దగ్గరండి. కోతలయ్యాక మా అమ్మ చేలల్లో రాలిన పరిగె ఏరి మమ్మల్ని పెంచింది. కొందరు కామందులు గట్టు పక్కన పడ్డ కంకి కూడా ఊడ్పించేసుకునేవారు. ఆ రోజు మాకు గంజే. ఆట కొత్తగా మొదలెట్టినోళ్ళు బిక్కుబిక్కుమంటూ ఆ దారంటే వస్తారు కదండీ. మొత్తం నేనే ఏరేసుకుంటే ఆళ్ళకేం మిగులుద్ది?"

రావుగారికి గుర్తొచ్చింది. మోకాలి నొప్పితో కొత్తగా ఆ రేవులో దిగినప్పుడు తన మొదటి కవచం అంచున దొరికిన గుల్లలతోనే చేసుకున్నారు. ఎవరో మరచిపోయి వదిలేశారనుకుని గబగబా ఏరుకున్నారు కూడా.

"ఈ నాలుగ్గంటలూ గడియారం చూస్తా పడుకుంటే విసుగొచ్చి చచ్చిపోవాలనిపిస్తదండి. ఆ రేవులో ఉంటే నా కాళ్ళ మీద నేను నిలబడ్డట్టుంటది. మొన్న సోమవారం ఫోను తెరిస్తే, మీరు మనిషని నమ్మకం కలగలేదు, అని వచ్చింది." ఆవిడ ఒళ్ళోని ఫోన్‌ను బోర్లించింది. "మీరు విజిలెన్సులో చేశారంట కదా. ఎవరిచ్చారో ఆ కంప్లైంటు, మీరే కనిపెట్టి చెప్పాలండి."

ముప్పై రెండేళ్ళలో ఆయన అనుమానించని మనిషి ఒక్కడే మిగిలాడు. పేరు రహస్యం, టిక్కు పెట్టి ఉంది, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేనేనమ్మా" అన్నారు.

యంత్రం తిరుగుతూనే ఉంది. సరళకుమారిగారు కుడిచేత్తో తలగడ కింద నుంచి పెన్ను తీసి ఆయన చేతికిచ్చింది.

"అయితే ఉత్తరం మీరే రాయండి. కేసు మొత్తం మీకే కదా తెలుసు."