హోంవర్క్‌లో గుర్రం

ఇంగ్లీషు ఒక్కటి వస్తే చాలు, ఉద్యోగం, పెళ్ళి, పాస్‌పోర్టు వాటంతటవే ఇంటికి నడిచొస్తాయని మా నాన్న గట్టిగా నమ్మిన రోజులవి. తెనాలి వైపు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో మందుల షాపు పెట్టుకున్న మనిషి ఆయన. డిగ్రీ పూర్తయి నేను ఇంట్లో ఖాళీగా కనిపించిన నాలుగో రోజే, తిరుమలగిరిలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేర్పించారు. క్లాసంటే ఒక మేడ మీద రేకుల షెడ్డు, ఆరు బెంచీలు, గోడకు గుర్రం బొమ్మ క్యాలెండరు, ఒక ఫ్యాను (అదీ సారు వైపే తిరిగేది). సారు సైన్యంలో జవాన్లకు చదువు చెప్పి రిటైరైన సుబేదారు. పాఠం కూడా పెరేడ్‌లాగే నడిపేవారు. లేచి నిలబడి, గడ్డం పైకెత్తి వాక్యం చెప్పాలి. మధ్యలో ‘అంటే సార్...’ అని నసిగామా, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఆయనకు పుస్తకంలో వాక్యాలంటే గిట్టేది కాదు. “రాముడు మామిడిపండు తినెను, సీత పాట పాడెను, ఇవన్నీ నాకెందుకు? మీ బతుకులోంచి ఒక వాక్యం పట్టుకురండి. నిజమైతే నోట్లోంచి దానంతటదే తిన్నగా వస్తుంది” అనేవారు. మూడో వారంలో ‘యూజ్డ్ టు’ పాఠం వచ్చింది. ఒకప్పుడు చేసేవాళ్ళం, ఇప్పుడు మానేశాం అని చెప్పే వాక్యాలన్నమాట. మర్నాడు ప్రతి ఒక్కరూ సొంత జీవితంలోంచి ఒకటి చెప్పాలని హుకుం జారీ అయింది.

ఇంటికొచ్చి కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు, నా దగ్గర గతమే లేదని. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లకి, ఒకప్పుడు చేసి ఇప్పుడు మానేసిన పనులేముంటాయి? ఇంట్లోంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి, మధ్యలో బస్సు. దిక్కుతోచక అమ్మను అడిగాను. బెండకాయలు తరుగుతూ, తలైనా ఎత్తకుండా, “పక్క తడిపేదానివి” అంది. (నిజమైన వాక్యమే. కానీ గడ్డం పైకెత్తి చెప్పే వాక్యం కాదు.)

మర్నాడు నా ముందు టైల్స్ అన్న లేచాడు. టైల్స్ అన్న అంటే మా క్లాసులో అందరికన్నా పెద్దవాడు, నలభై అయిదేళ్ళుంటాయి, సొంతంగా టైల్స్ షాపు ఉంది. కూతురి స్కూల్లో మీటింగు పెడితే టీచర్లతో మాట్లాడటానికి నోరు పెగలడం లేదని వచ్చి, మొదటి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఆయన గొంతు సవరించుకుని, “ఐ యూజ్డ్ టు క్యారీ టైల్స్ ఆన్ మై హెడ్. నౌ ఐ హావ్ షాప్” అన్నాడు. సుబేదార్ సార్ చప్పట్లు కొట్టారు. ఆయన చప్పట్లు కొట్టడం మేం చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత వంతు నాది. నిజం చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో అన్న మీద ఒళ్ళు మండిపోయేంత అసూయ కలిగింది. అంత బరువున్న వాక్యం తర్వాత నేను బస్సు గురించి చెప్పనా? ఎదురుగా క్యాలెండర్‌లో గుర్రం కనిపించింది. గడ్డం పైకెత్తి, “ఐ యూజ్డ్ టు రైడ్ ఎ హార్స్” అనేశాను.

“వేర్?” అన్నారు సారు. “బొల్లారం, సార్,” నోటికొచ్చిన మిలటరీ ఏరియా పేరు చెప్పేశాను. “వెరీ గుడ్!” అంతే, నా బతుకు మారిపోయింది. టైల్స్ అన్న వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఆయన నన్ను ‘హార్స్ మేడం’ అనేవాడు. మా క్లాసులోనే ఉన్న, బ్యూటీ పార్లర్ నడిపే అక్క నా పక్కన చోటు కోసం ముందే వచ్చేది. ఒక్క వాక్యంతో ఆగితే బాగుండేది. కానీ రోజుకో కొత్త పాఠం, పాఠానికో నిజమైన వాక్యం కావాలాయె! గుర్రానికి రాణి అని పేరొచ్చింది, నుదుటి మీద తెల్ల మచ్చ వచ్చింది, నెల తిరిగేసరికి పాపం కాలు కూడా బెణికింది.

ఇంతలో టైల్స్ అన్న తమ్ముడి పెళ్ళి. క్లాసు క్లాసంతా వెళ్ళాం. పొద్దున్నే ముహూర్తం. పెళ్ళికొడుకు తెల్ల గుర్రం మీద, ముందు బ్యాండు, అడుగుకో డాన్సు. ఫంక్షన్ హాలు కనుచూపు మేరలో ఉందనగా ఎవరో మహానుభావుడు టపాకాయల లడీ అంటించాడు. గుర్రం బెదిరి, నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నిలబడిపోయింది. గుర్రాన్ని తెచ్చిన ఆయన కళ్ళెం లాగాడు, బెల్లం పెట్టాడు, బతిమాలాడు. బెల్లం తిన్నది గానీ కదల్లేదు. పెళ్ళికొడుకు దిగబోతే టైల్స్ అన్న వాళ్ళమ్మ అడ్డం పడింది. “నడిమిట్ల గుర్రం దిగితే లగ్గానికి మంచిగ గాదు బిడ్డా!” ముహూర్తానికి ఇంకా పావుగంటే ఉంది. అప్పుడు టైల్స్ అన్న చెయ్యెత్తి అరిచాడు. “ఎవ్వరు పరేషాన్ గాకుండ్రి! మన హార్స్ మేడం ఉన్నది గదా!”

హార్స్ మేడం అప్పటికే పార్లర్ అక్క వెనక దాక్కుని ఉంది. అక్క గర్వంగా పక్కకి తప్పుకుని నన్ను ముందుకు తోసింది. జనం దారి ఇచ్చారు. పారిపోదామంటే పట్టుచీర, పైగా వెనక బ్యాండు. “జెర బాజా బంద్ జేయుండ్రి! మేడం పని షురూ జేస్తది!” అన్నాడు అన్న. బ్యాండు ఆగింది. గుర్రం మెడ మీద చెయ్యి వేశాను. జన్మలో ఒక గుర్రాన్ని ముట్టుకోవడం అదే మొదలు. వేడిగా ఉంది, మెడ అదురుతోంది. దానికీ భయమే, నాకూ భయమే. చెవి దగ్గరికి వంగి అసలు సంగతి చెప్పేశాను. “తల్లీ, నేను నిన్నే కాదు, మీ వాళ్ళెవర్నీ ఎప్పుడూ ఎక్కలేదు. అంతా హోంవర్క్ కోసం చెప్పిన అబద్ధం. ఈ ఒక్కసారికి నా పరువు కాపాడు.” గుర్రం చెవి విదిల్చి, ఒక నిట్టూర్పు విడిచి, నడక మొదలుపెట్టింది.

(బాజా ఆగింది కాబట్టే కదిలిందని గుర్రాన్ని తెచ్చినాయన పది మందికి చెప్పి చూశాడు. ఎవరు వింటారు?) అన్న వాళ్ళమ్మ నాకు దిష్టి తీసి మెటికలు విరిచింది. నా విస్తట్లో మూడు డబల్ కా మీఠాలు పడ్డాయి. మూడూ పార్లర్ అక్క విస్తట్లోకి జరిపేశాను. పైగా అన్న వచ్చి, “గుర్రం పక్కన మీ ఫోటో తీయించిన మేడం, షాపుల పెడ్తా” అన్నాడు.

ఆ ఫోటో మాటతో నాకు రెండు రోజులు నిద్ర లేదు. తల మీద టైల్స్ మోసిన మనిషి గోడ మీద నా అబద్ధం వేలాడుతుందా? సోమవారం క్లాసులో ఎవరూ అడగకుండానే లేచాను. ఈసారి గడ్డం పైకి లేవలేదు. “ఐ యూజ్డ్ టు టెల్ లైస్, సార్” అని, మిగతాదంతా తెలుగులో, కాస్త ఏడుస్తూ చెప్పేశాను. సుబేదార్ సార్ ఒకసారి క్యాలెండర్‌లో గుర్రం వైపు చూశారు. “అంటే చెప్పేదానివి, ఇప్పుడు మానేశావు. అంతేనా?” “అంతే సార్.” “కరెక్ట్ సెంటెన్స్. సిట్ డౌన్.”

క్లాసయ్యాక మెట్ల మీద టైల్స్ అన్న ఆపాడు. తిడతాడనుకున్నాను. “నాకు ఆ దినమే ఎర్కైంది చెల్లె. గుర్రం మీద చెయ్యి పెట్టంగనే నీ చెయ్యి గజగజ వణికింది” అన్నాడు. నన్ను చెల్లె అనడం అదే మొదటిసారి. “మరి ఎందుకు చెప్పలేదన్నా?” “ఎందుకు జెప్పాలె? గుర్రం నడిసింది, తమ్ముని లగ్గం టైముకైంది. ఎవరికేం తక్లీఫ్? గని గంత ధైర్యంగ అబద్ధం జెప్పుడు నాకు సుత జెర నేర్పు. షాపుల పనికొస్తది.” నవ్వుతూనే ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. ఫోటో మాత్రం షాపులో పెట్టనే పెట్టాడు. ఇప్పటికీ పండగలకి ఫోన్ చేసి, ముందుగా “హౌ ఈజ్ యువర్ హార్స్?” అని అడుగుతాడు.

నాన్న అనుకున్నట్టే ఇంగ్లీషు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. మొన్న ఆటోలో ఆ క్లాసు వీధి మీదుగా వెళ్తుంటే చూశాను. రేకుల షెడ్డు లేదు, అక్కడ జిమ్ము వెలిసింది. నాకు తెలియకుండానే వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, “ఐ యూజ్డ్ టు కమ్ హియర్” అని పైకే అనేశాను. ఒకప్పుడు ఒక్క వాక్యం దొరక్క గుర్రాన్ని అరువు తెచ్చుకున్న పిల్ల దగ్గర ఇప్పుడు ఇలాంటి వాక్యాలు ఎన్నో ఉన్నాయి. అన్నీ నిజాలే.

ఆటో అబ్బాయి అద్దంలోంచి చూశాడు. “ఏమన్నరు మేడం?”

“ఏం లేదు బాబూ, పోనీ. హోంవర్క్.”