నిండు చెంబు బాట

మా బావ రత్నసభాపతి నాయుడు మజ్జిగ చెంబు లేకుండా సైకిలెక్కేవాడు కాదు. ఆ మజ్జిగ తాగడానికి కాదు. దారిలో ఎవరైనా దాహమని అడిగినా ఇచ్చేవాడు కాదు. ఇత్తడి చెంబులో అంచుదాకా మజ్జిగ పోసి, హ్యాండిలుకు తాడుతో వేలాడదీసుకుని, ఒక మైలు తొక్కి దిగేవాడు. చెంబులో వేలు ముంచి ఎంత మిగిలిందో చూసేవాడు. మొలలో దోపుకున్న పుస్తకం తీసి ఏదో గీకేవాడు. వీపుకు కట్టుకున్న సొరబుర్రలోంచి చెంబు మళ్లీ నింపుకుని ఇంకో మైలు పోయేవాడు.

ఇది 1898 నాటి మాట. మా ఊరు ఉడుమలైపేటకు మూడు మైళ్లు. చుట్టుపక్కల పాతిక ఊళ్లకు సైకిలు ఆయనది ఒక్కటే. కోయంబత్తూరులో ఒక దొర సీమకు పోతూ వదిలించుకున్నదాన్ని బావ తెచ్చుకున్నాడు. సైకిలు తొక్కే మనిషినే జనం నోరు తెరుచుకుని చూసే కాలం. అలాంటిది పంచె నిండా మజ్జిగ మరకలతో, వెనక నాలుగు కుక్కలు నాలుకలు చాపుకుని వస్తుంటే, మీసం మెలేసుకుంటూ పోయే మనిషిని ఇంకెలా చూస్తారు?

"బావా, నీళ్లు పోసుకుంటే కాదా?" అని నేనే ఒకసారి అడిగాను. నేను ఆయన బావమరిదిని, పేటలో పంతులును. సెలవుల్లో ఆ పుస్తకానికి శుద్ధప్రతి రాసిపెట్టే పని నాదే.

"నీళ్లు చిందితే ఎండకు ఆరిపోతాయప్పా. మజ్జిగ చిందితే పంచె సాక్షి చెప్తుంది."

"సాక్షి ఎవరికి?"

"నాకు."

అంతే, సైకిలెక్కి పోయాడు.

మా అక్క రంగనాయకి మాత్రం రోజూ కవ్వం పట్టుకుని తలవాకిట్లో నిలబడేది. "ఊళ్లో ఆవులన్నీ దూడలకు పాలిస్తుండాయి. మన ఆవు రోడ్లకిస్తుండాది!" అనేది. బావ సొరబుర్ర ఆమె ముందుకు చాచి, "నింపు" అనేవాడు. ఆమె తిడుతూ నింపేది.

పుస్తకంలో ఉన్నదేమిటంటే, మా ఊరినుంచి పళని మీదుగా, ఒట్టన్‌చత్రం మీదుగా దిండిగల్ రైలు స్టేషను దాకా అరవై మైళ్ల దారి. ప్రతి మైలుకూ ఒక పేరు. చుక్క కూడా చిందకపోతే నిండు చెంబు బాట. ఆ తరువాత ముప్పాతిక బాట, అర చెంబు బాట. అన్నిటికంటే అధమం ఉత్త చెంబు బాట. సర్కారువారు కంకర పరిచిన రాజమార్గంలో సగానికి సగం ఉత్త చెంబే. పిడికెడేసి రాళ్లు పోసి, వాటిని అణచడం మరిచిపోయారు.

అందుకని బావ దారి పాములా మెలికలు తిరిగేది. కంకర వచ్చినచోటల్లా దిగి, వాగు ఇసుకలోకో, ఎర్రమట్టి బండిబాటలోకో, దున్నని బీట్లోకో మళ్లేది. ఒక్కొక్క మెలికకూ ఆయన నాలుగు బాటలు తొక్కి చూసేవాడు. వాన పడితే నల్లరేగడి బాటలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

"పెద్దరోడ్డు నేరుగా పోతుండాది కదా!" అని ఊళ్లో పెద్దమనుషులు నవ్వితే, "అది దొర గుర్రానికి వేసిన రోడ్డు. నా చెంబుకు వేసింది కాదు" అని పెడసరంగా అనేవాడు.

అందరికంటే గట్టిగా నవ్వేది పక్కింటి అంజలమ్మత్త. ముందూ వెనకా ఎవరూ లేని ముసలామె. ఆమెకూ బావకూ బావినీళ్ల వంతు దగ్గర తగాదా వచ్చి పన్నెండేళ్లయింది. ఒకరి గడప ఒకరు తొక్కరు. మాటలు లేవు. అరుపులు మాత్రం ఉన్నాయి. ఆషాఢంలో, మా వైపు ఆడిమాసంలో, ఆమె అటకమీదినుంచి పడి తొంటి ఎముక విరగ్గొట్టుకుంది. నాటువైద్యుడు కట్టిన కట్టుకు ఎముక వంకరగా అతికింది. అప్పటినుంచి తిన్నెమీద మంచంలోనే ఉంది. ఊరివాళ్లు వంతులవారీగా చూసుకునేవారు. కాలు కదలదు కానీ నోటికి ఏమీ కాలేదు.

"ఏమిరా సభాపతీ, ఈరోజు ఏ కుక్కకు విందు?" అని తెల్లారేసరికి మొదలుపెట్టేది.

"నీ నోరు విన్న కుక్కలే నా వెనక పారి వస్తుండాయి!" అని బావ సైకిలు మీదినుంచే జవాబు.

ఒట్టన్‌చత్రం ఇవతల ఒక జమీను మామిడితోపు ఉంది. తోపు మధ్యలో రెండు మైళ్ల బాట. జమీందారు గుర్రపుబండి పోవడానికని ఏటి ఇసుక పోసి, రోజూ చదును చేస్తారు. పక్కన సర్కారు రోడ్డు ఆ రెండు మైళ్లూ ఉత్త చెంబు. బావ తోపులో దూరి తొక్కాడు. రెండు మైళ్లకు ఒక్క చుక్క చిందలేదు! ఆనందం పట్టలేక సైకిలు దిగి చెంబుకు దండం పెడుతుండగా జమీను మేనేజరు మనుషులు వచ్చి పట్టుకున్నారు. ఇది ఎవరుబడితే వాళ్లు నడిచే బాట కాదని మేనేజరు రెండు చక్రాల గాలీ తీయించి బయటికి తోలాడు. బావ ఎనిమిది మైళ్లు సైకిలు నెట్టుకుంటూ పళని చేరాడు. ఆరోజు పుస్తకంలో రాసింది నేనే శుద్ధప్రతి తీశాను: "బాట మహా ఉత్తమము. నిండు చెంబు. మేనేజరు ఒక్కడే గతుకు."

"ఆ రెండు మైళ్లు వదిలేసి రోడ్డుమీదే పోరాదా బావా?" అన్నాను.

"వదలను."

"గాలి తీశాడు కదా!"

"సైకిలుకు తీసినాడు. నాకు తీయలేదు."

వారం తిరక్కుండా మళ్లీ పోయాడు. మళ్లీ గాలి తీశారు. మూడోసారి పోయినప్పుడు కావలివాళ్లే చాటుగా, "మజ్జిగ నాయుడుగారూ, మేనేజరు లేడు, బిరబిరా పోండి" అన్నారట.

కార్తీక వానలు వెలిశాయి. ఒకరోజు పొద్దున బావ తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, పన్నెండేళ్ల తరువాత అంజలమ్మత్త గడప తొక్కాడు. అక్కా నేనూ గోడమీదినుంచి తొంగిచూశాం. తన్నుకుంటారనే అనుకున్నాం.

"రేపు బయల్దేరాల. మూటగట్టుకో" అన్నాడు బావ.

"ఎక్కడికిరా?"

"మదురైకి. అక్కడ పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు ఉండాడు. కాలు సరిచేస్తాడంట. కుదుపు తగలకుండా తీసుకురావాలన్నాడంట. తగిలితే ఉన్న నరం కూడా తెగుతుందంట. దిండిగల్ దాకా బండి, ఆమీద రైలు. ఆ దిండిగల్‌కే నాలుగు నెలలుగా బాట చూసుండాను."

అక్క చేతిలో కవ్వం కిందపడింది. మేమిద్దరం ఇన్నాళ్లూ చూస్తూ, తిడుతూ, రాస్తూ, ఒక్కనాడు కూడా ఇది ఊహించలేదు.

అంజలమ్మత్త గొంతు సవరించుకుంది. "నేను రాను. నీ చేతి ఉపకారం నాకేమిటికి?"

"ఉపకారం ఎవడు చేస్తానన్నాడు? నువ్వు మంచంలో ఉంటే సరిసమానంగా తగాదా పెట్టుకోను కుదరలేదు. నిలబడినదానితో పోట్లాడాల నేను."

"ఒక్క కుదుపు వచ్చినా తిరిగి వచ్చేస్తాను!"

"వస్తే నా సైకిలును నీ పొయ్యిలో పెట్టుకో."

"ఇనుము మండుతుందా, పిచ్చోడా?" అంటూనే ఆమె తలకింద ఉన్న చీరలు మడవడం మొదలుపెట్టింది.

మరునాడు మా ఊరి అళగిరిసామి తన ఎడ్లబండి కట్టాడు. నిదానంగా నడిచే ఎడ్లు, నిదానంగా మాట్లాడే మనిషి. బండిలో మోకాలెత్తు గడ్డి, దానిమీద రెండు దూదిపరుపులు, వాటిమీద అత్త. ముందు బావ సైకిలు. గతుకు కనిపిస్తే చెయ్యెత్తేవాడు. అళగిరిసామి ఎడ్లను ఆపేవాడు. బావ దిగి గుంట మట్టితో పూడ్చి, కాలితో తొక్కి, మళ్లీ సైకిలెక్కేవాడు. నేను బడికి సెలవు పెట్టి బండి పక్కన నడిచాను. పొద్దుగూకకముందే ఏదో ఒక సత్రంలో దిగేవాళ్లం. రెండు రోజులు అలా గడిచాయి. అత్త బావను తిట్టడానికి సాకు దొరక్క ఎడ్లను తిట్టింది.

మూడోరోజు పొద్దున మామిడితోపు చేరాం. బాటకు వెదురుగడ అడ్డం. బావ తానే దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. సగం దూరం పోయేసరికి ఎదురుగా గుర్రపుబండి. అందులో మేనేజరు, వెనక కావలివాళ్లు! బాట ఒక్క బండికే పడుతుంది.

"మళ్లీ నువ్వేనా? ఇంత చెప్పినా బుద్ధి లేదా? బండి వెనక్కి తిప్పు!" అని ఆయన అరిచాడు.

బావ సైకిలును గుర్రం ముందర అడ్డంగా పడుకోబెట్టాడు. దాని పక్కన ఇసుకలో మఠం వేసుకుని కూర్చున్నాడు.

"తిప్పను. వెనక్కి పోతే రాళ్లరోడ్డే గతి. రాళ్లమీద పోతే ఈమె కాలు పోతుంది. తిప్పించాలంటే ఒక కాగితం మీద రాసియ్యి. 'ఈమె కాలు నా మాటవల్ల పోయింది' అని రాసి, కింద నీ పేరు పెట్టు. తిప్పుతాను."

"ఇది జమీందారుగారి బండి పోయే బాట!"

"ఆయన కాలూ కాలే. ఈమె కాలూ కాలే."

"పోలీసును పిలిపిస్తాను!"

"పిలిపించు. వచ్చేదాకా నేను ఇక్కడే. నువ్వూ ఇక్కడే."

నిజమే. వెనక్కి తిప్పడానికి ఆయన బండికీ చోటు లేదు. ఎండ ఎక్కింది. గుర్రం తోకతో ఈగల్ని తోలుకుంటోంది. ఆయన చెమట తుడుచుకుంటున్నాడు. బావ మాత్రం మీసం మెలేస్తూ మామిడికొమ్మలు లెక్కపెడుతున్నాడు. అప్పుడు మా బండి తెర తొలగింది. అంజలమ్మత్త తల బయటికి వచ్చింది.

"ఏమయ్యా మేనేజరూ, వీణ్ణి పన్నెండేండ్లుగా చూస్తుండాను. వీడు కదలడు. నేను తిట్టి తిట్టి అలిసిపోయినాను, నీవల్ల ఏమవుతుంది? నీకు వేరే పని ఉంటే గుర్రాన్ని విప్పుకో నాయనా."

కావలివాళ్లు ఫక్కున నవ్వి, నోళ్లు మూసుకున్నారు. మేనేజరు కాసేపు ఆకాశం చూశాడు, కాసేపు బావను చూశాడు. చివరికి గుర్రాన్ని విప్పించాడు. కావలివాళ్లు బండిని చెట్ల మధ్యకు నెట్టారు.

"ఈ ఒక్కసారికే!" అన్నాడు మేనేజరు.

"తిరిగి వచ్చేటప్పుడు కూడా" అన్నాడు బావ, సైకిలు లేపి ఇసుక దులుపుతూ.

ఐదోరోజుకు దిండిగల్ చేరాం. రైల్లో ఆమెను పరుపుతోసహా పడుకోబెట్టాం. మదురై ఆసుపత్రిలో గుమాస్తా పేరు రాసుకుని, "దగ్గరి బంధువులు తప్ప ఎవరూ లోపలికి రాకూడదు. ఈయన మీకేమవుతాడు?" అని అడిగాడు.

బావ నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "ఊళ్లో నాకు ఉండేది ఒకే ఒక పగవాడు సామీ. వీణ్ణి బయట నిలబెడితే లోపల నేనెవరితో పోట్లాడేది?"

గుమాస్తా కలం ఆగిపోయింది. చాలాసేపు ఆలోచించి 'కొడుకు' అని రాసుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ కాదనలేదు.

డాక్టరు ఎముకను మళ్లీ విరిచి నేరుగా అతికించాడు. మూడు నెలలు పట్టింది. వచ్చేటప్పుడూ ఆ బాటనే వచ్చాం. ఊరి పొలిమేరలో అత్త బండి ఆపించి దిగింది. ఒక చేత కర్ర పట్టింది, ఇంకో చెయ్యి సైకిలు సీటుమీద వేసింది. బావ సైకిలు నడిపిస్తూ ముందు, ఆమె కుంటుతూ పక్కన. వీధివీధంతా బయటికి వచ్చి నిలబడింది.

"మెల్లగా పోరా! ఏం తొందర?" అంది అత్త.

"ఇంతకంటే మెల్లగా పోతే సైకిలు పడిపోతుంది."

తన ఇంటిముందు ఆమె ఆగలేదు. మా అక్క వాకిటిదాకా వచ్చి, కర్రతో గడప తట్టి, "రంగనాయకీ, రెండు ఆకులు వెయ్యి. నాకొకటి, వీడికొకటి. దారంతా వీడు సరిగ్గా తినలేదు" అంది.

"నా ఇంట్లో నన్నే భోజనానికి పిలుస్తుండావా?" అని బావ గయ్యిమన్నాడు.

"పిలవకపోతే నువ్వు వస్తావా?" అంటూ ఆమె అప్పటికే లోపలికి నడిచింది.