టావిటా పాడిన గ్యారేజీ

మా చిన్నప్పుడు... శనివారం మధ్యాహ్నం పక్కింటి గ్యారేజీ షట్టరు పైకి లేచిందంటే చాలు, మా వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. బేస్ గిటారు అదురు అది. అమ్మ పోపు గరిట చేత్తో పట్టుకునే పెరట్లోకి వెళ్ళి కంచె మీదుగా చూసేది... కోప్పడడానికి కాదు, వినడానికి.

కాకినాడ నుంచి ఆస్ట్రేలియా పక్కనున్న ఈ చిన్న దేశానికి వచ్చిన కొత్తలో, జాన్సన్‌విల్‌లో ఇల్లు కొనకముందు, మేం పోరిరువాలో అద్దెకుండేవాళ్ళం. పక్కింట్లో లోసా ఆంటీ వాళ్ళు, సమోవా దీవుల వాళ్ళు. ఆవిడ తెల్లవారకముందే బస్సెక్కి ఆఫీసులు శుభ్రం చేయడానికి వెళ్ళేది. పెద్దకొడుకు టావిటా పాడేవాడు. ఆవిడ అక్క కొడుకు సెమీ బేస్ వాయించేవాడు. మిగతావాళ్ళు వాళ్ళ చర్చి స్నేహితులు. బ్యాండుకి మా వీధి పేరే పెట్టుకున్నారు.

వాళ్ళు వాయించే సంగీతాన్ని ఐలాండ్ రెగే అంటారని మాకప్పుడు తెలియదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య గిటారు చిన్న చిటికె వేసి తప్పుకునేది... ఉయ్యాల మీద కూర్చున్నట్టుండేది. నాన్న మాత్రం "నిద్ర లేకుండా చేస్తున్నారు" అని విసుక్కునేవాడు.

అమ్మ నర్సు. ఇళ్ళకు తిరిగి ఇంజెక్షన్లు ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఆ ఇళ్ళలో టావిటా వాళ్ళదీ ఒకటి. చిన్నప్పుడు వాడికి గొంతు నొప్పి వచ్చిందట. ఎవరూ పట్టించుకోలేదు. అది కీళ్ళ జ్వరంగా మారి గుండె కవాటాన్ని దెబ్బతీసింది. ఆ ఇంటి గోడలు చలికాలమంతా చెమ్మగిల్లి నల్లగా బూజు పట్టేవి. హీటరున్న ఒక్క గదిలోనే పిల్లలందరూ దుప్పట్లు పరుచుకుని పడుకునేవారు. ఒకరికి దగ్గొస్తే అందరికీ వచ్చేది.

ఆ జ్వరం మళ్ళీ రాకుండా నెలనెలా తుంటికి పెన్సిలిన్ వేయాలి. చిక్కటి మందు, మెల్లగా ఎక్కించాలి. అంతసేపూ టావిటా పళ్ళు బిగించి కూనిరాగం తీసేవాడు.

"అయిపోయిందా ఆంటీ?"

"పాట పూర్తి చెయ్, అయిపోతుంది" అనేది అమ్మ.

మొదట చర్చి హాల్లో, తర్వాత పెళ్ళిళ్ళలో పాడారు. ఆ తర్వాత టావిటా వాళ్ళమ్మ మీదే ఒక పాట కట్టాడు... చీకట్లో బస్సెక్కే అమ్మ గురించి, సగం సమోవా భాషలో, సగం ఇంగ్లీషులో. అది రేడియోలో వచ్చిన రోజు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. లోసా ఆంటీ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. మా నాన్న లేచి వెళ్ళి రేడియో సౌండ్ పెంచాడు.

అక్కణ్ణుంచి ఊరూరా కచేరీలే. బీచ్‌లలో, ద్రాక్షతోటల్లో, ఒకసారి ఆస్ట్రేలియాలో కూడా. అమ్మ ఇంజెక్షన్ పట్టుకుని వెళ్ళేసరికి ఇంట్లో టావిటా ఉండేవాడు కాదు.

ఒక శనివారం అమ్మ గ్యారేజీలోకే వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"ఈ నెలదీ మిస్సయ్యావు, పోయిన నెలదీ లేదు" అంది.

"బాగానే ఉన్నాను కదా ఆంటీ."

"బాగున్నది దానివల్లే నాన్నా. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి క్లినిక్‌కి వెళ్ళు. నేను ఫోన్ చేసి చెప్తాను."

"అది వేయించుకుంటే రెండు రోజులు స్టేజి మీద నిలబడలేను. ఈ సమ్మర్ ఒక్కటి పోనివ్వండి. ఇప్పుడు రాలేమంటే మళ్ళీ పిలవరు."

అమ్మ గుమ్మంలో నిలబడ్డ లోసా ఆంటీ వైపు చూసింది. ఆవిడ తల దించుకుని, "ఈ సమ్మరే కదా సిస్టర్" అంది.

ఆ సమ్మర్‌లోనే టౌరంగాలో పెద్ద కచేరీ. అక్కడ జరిగింది సెమీ తర్వాత చెప్పాడు. అంతకు కొన్ని వారాల ముందు టావిటాకి గొంతు నొప్పి వచ్చింది. తేనె, వేడినీళ్ళు తాగి పాడేశాడు. తర్వాత జ్వరం, మోకాళ్ళ వాపు... ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పాట మధ్యలో ఊపిరి అందక మైకు జనం వైపు తిప్పాడు. తమనే పాడమంటున్నాడనుకుని వేలమంది అందుకున్నారు. వాళ్ళు పాడుతుండగానే టావిటా స్పీకర్ల వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూలిపోయాడు.

ఆపరేషన్ చేసి కవాటం మార్చారు. ఇంటికొచ్చాక ఒకసారి గ్యారేజీలో కుర్చీ వేసుకుని పాడబోయాడు. ఒక్క వరుస కూడా ఒక్క ఊపిరితో దాటలేకపోయాడు. సెమీ వాయించడం ఆపేశాడు.

వేరే కుర్రాణ్ణి పెట్టి చూశారు. పిలిచేవాళ్ళకు కావలసింది టావిటా గొంతు. ఒక్కొక్కరే తప్పుకున్నారు. సెమీ పని వెతుక్కుని ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. మరుసటి చలికాలం కొత్త కవాటానికి ఇన్ఫెక్షన్ సోకింది. టావిటా ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. పాతికేళ్ళు కూడా నిండలేదు.

వాళ్ళ ఆచారం ప్రకారం శవపేటికను ముందు గదిలో ఉంచి, చుట్టూ చాపలు పరిచి బంధువులందరూ కూర్చున్నారు. చర్చి పాటలు పాడుతూనే ఉన్నారు. వాళ్ళమ్మ మీద కట్టిన పాట మాత్రం ఎవరూ ఎత్తుకోలేదు.

అమ్మ లోసా ఆంటీ పక్కన కూర్చుని, "నేను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది" అంది.

"నువ్వు చెప్పావు సిస్టర్" అంది ఆవిడ. "నేనే... నీ మాట వినకుండా వాడి పాట విన్నాను."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చారు. అమ్మ అలా ఏడవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత మేం జాన్సన్‌విల్‌కి మారాం. లోసా ఆంటీ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మ రిటైరైంది. ఇప్పటికీ ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు... వంటల గురించి, మనవల గురించి. టావిటా పేరు మాత్రం ఎత్తరు.

ఇప్పుడు మా వీధి చాలా ప్రశాంతంగా ఉంటుంది. ఎవరు ఏం విన్నా వాళ్ళ చెవుల్లోనే. గొడవ లేదని అందరం సుఖంగానే ఉన్నాం... కానీ పక్కింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో కూడా తెలియడం లేదు.

మీ చిన్నప్పుడు మీ పక్కింట్లో పాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద వాళ్ళ పేరు రాయండి... పేరొక్కటి చాలు.