తడి గోనె కింద తూటాలు

మొన్న చిత్తూరులో మండీ ముందు ఒకాయన మామిడి గంప మీద తడి గోనెపట్ట కప్పుతుంటే నాకు ఫక్కున నవ్వొచ్చింది. పక్కనున్న మా ఆవిడ ఎండదెబ్బ తగిలిందేమోనని నా నుదురు పట్టి చూసింది. నాకు గుర్తొచ్చింది మా చిన్నాయన.

చిన్నాయనది మామిడి వ్యాపారం. చిన్నమ్మ ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. సెలవురోజు రైఫిల్ క్లబ్బులో తుపాకి పట్టిందంటే మాత్రం వేరే మనిషి. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా రాష్ట్ర జట్టులో ఉండాలని ఆమె కోరిక. చూపు మందగిస్తోంది, ఇదే ఆఖరి ఏడాదని తనే అనేది. ఆ ఎంపిక పోటీని తిరుపతి దగ్గర, నడి వేసవిలో పెట్టారు మహానుభావులు!

తూటాలు ఎండలో పెట్టొద్దు, లోపలి మందు వేడెక్కితే దెబ్బ గురికన్నా పైకి పోతుందని క్లబ్బులో ఎవరో అన్న మాట చిన్నాయన చెవిన పడింది. "ఎండకి కాయే చెడిపోతాది, మందు చెడిపోదా?" అంటూ తూటాల పెట్టెను ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఐసుగడ్డల మీద ఉంచి, పైన తడి గోనె కప్పి, తిరుపతి దాకా కారులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నమ్మ ముందు సీట్లో కళ్లు మూసుకుని ఉంది, ఇదేమీ చూడలేదు.

పోటీలో నేను దుర్భిణి పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. లెక్కలోకి రాని తొలి గుండ్లన్నీ కిందికే పడ్డాయి.

"చిన్నమ్మా, దిగిపోతా ఉండాయి" అన్నాను.

ఆమె ఒక తూటాను వేళ్లతో తడిమింది. "సచ్చినాం పో! ఐసు మాదిరి ఉండాది."

చల్లబడిన మందుకు తోసే బలం తగ్గిపోతుంది మరి. నాకు ఒళ్లు మండి లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టి లాగింది. "కూర్చోరా. ఆయనకి చెప్పినావంటే సంపేస్తా. బిడ్డని మోసినట్టు మోసుకొచ్చినాడబ్బా."

రైఫిలు మీది గురి మరను కాస్త పైకి తిప్పుకుంది. తీరా ఆట సాగేకొద్దీ తూటాలు ఎండకు వేడెక్కి దెబ్బ పైకి జరగడం మొదలైంది. మళ్లీ కొంచెం కొంచెంగా మరను దించుతూ, కళ్లల్లోకి కారే చెమట తుడుచుకుంటూ కాల్చింది. ఎంపికైన జట్టులో చివరి పేరు ఆమెది. చిన్నాయన ఎండకి పట్టుకున్న గొడుగు పారేసి, అంతమందిలో వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆ గెలుపు తన ఐసుగడ్డల వల్లేనని ఆయన ఇప్పటికీ మండీకి వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. పక్కనుంటే చిన్నమ్మ "అవునప్పా, ఆయనే లేకుంటే యాడ గెలిచేదాన్ని" అంటుంది. మొదట్లో నిజం చెప్పేయాలని నా నోరు దురద పెట్టేది. ఇన్నేళ్లు గడిచాక, ఆయన చెబుతుంటే, అలాగే జరిగిందని నాకూ అనిపిస్తోంది.