ఓవెన్ తలుపుకి అడ్డంగా

బిలాస్‌పూర్ రైల్వే బంగళాలో నేను ఆయాగా ఉన్నప్పుడు, వంటామె విజయనగరం వైపు మనిషి. ఏది చెడినా "ఇంకోపాలి చేద్దాం" అనేది.

ఆదివారం పొద్దెక్కాక దొరసానికి గుడ్లు, పాలు, మైదా కలిపి బొగ్గుల ఓవెన్‌లో పొంగించిన అట్టు కావాలి, పైన మామిడిపండు ముక్కలతో. రెండు ఆదివారాలు అట్టు అణిగిపోయింది. మళ్లీ చెడితే పని మానెయ్యమంది దొరసాని. పొంగిందో లేదోనని మాటిమాటికీ తలుపు తీసేది మాత్రం ఆవిడే.

మూడో ఆదివారం వంటామె ఓవెన్‌కి అడ్డంగా నిలబడింది.

"తియ్యనివ్వను అమ్మగోరూ. గాలి తగిల్తే అణిగిపోద్ది."

"హటో!" అంది దొరసాని. వంటామె కదల్లేదు.

"ఏటే ఇది, పని పోద్ది!" అన్నాను భయంగా.

"పోతే పోనీ. అట్టు పొంగాల."

చివరికి వంటామే తలుపు తీసింది. అట్టు అంచులు పళ్లెం దాటి లేచి ఉన్నాయి. దొరసాని మామిడి ముక్కలు పరిచి, అట్టు కోసి మొదటి ముక్క వంటామెకే ఇచ్చింది. ఆమె అక్కడే నిలబడి, నాకు కొంచెమైనా పెట్టకుండా, మొత్తం తినేసింది.