గుడ్లు చుట్టుకున్న పెద్దది

మస్కట్‌లో ఖురం దగ్గర నేను పనిచేసిన ఇంట్లో రెండు కొండచిలువలు ఉండేవి. కొండచిలువ అనగానే మేకను మింగేదే గుర్తొస్తుంది గాని, ఇవి అంతటివి కావు. ఆఫ్రికా పాములు, బాల్ పైథాన్లంటారు. బెదిరితే తలను లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతాయి, అందుకే ఆ పేరు. విషం ఉండదు. ఒకటి ఆడది, ఒకటి మగది. ఆడది నా ముంజేతి కన్నా లావు. మగది అందులో సగం ఉండేది. ఆ ఇంటి పాప వాటిని పెద్దది, చిన్నది అనేది. మేమూ అలాగే అనేవాళ్ళం.

వాటిని పెంచేది ఇంటి యజమానురాలు. అక్కడ పనివాళ్ళం యజమానిని బాబా అని, ఆవిణ్ణి మామా అని పిలుస్తాం. మామా ఖురంలోనే ఒక ఆఫీసులో ఉద్యోగం చేసేది. దేశం వదిలి వెళ్ళిపోతున్న తెల్లవాళ్ళ దగ్గర ఆ పాముల్ని తీసుకుందట. బాబాకు దక్షిణాన దూరంగా ఉన్న రైసూత్ రేవులో పని. నెలకోసారి వచ్చేవారు, వచ్చినా ఆ గది వైపు తొంగి చూసేవారు కాదు. ఇంట్లో మిగిలింది నాలుగేళ్ళ పాప, హైదరాబాదు నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్, నేను.

నేను బళ్ళో చదవలేదు. మా అమ్మ చాటలో బియ్యం పరిచి, వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఆ అక్షరాలతోనే బైబిలు చదువుకున్నాను. అందులో పాముకు ఎంత మంచి పేరుందో అందరికీ తెలిసిందే. మొదటిరోజు మామా వంటింటి వెనక గది తలుపు తీసి "ఇదీ నీ పనే" అన్నప్పుడు గడప దగ్గరే ఆగిపోయాను. కాని నాకు కిటికీ ఉన్న గది ఇచ్చారు. పొద్దున ప్రార్థన చేసుకుంటుంటే ఎవరూ తలుపు కొట్టేవారు కాదు. అలాంటి ఇల్లు దొరకక ఏడ్చిన మా గోదావరి ఆడవాళ్ళను ఎంతమందినో చూశాను. ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని, పాము ఉన్న ప్లాస్టిక్ డబ్బా మూత తీశాను.

రెండింటి గుణాలూ వేరు. చిన్నది ఒట్టి పిరికిది. నేను చీపురు నేలకేసి కొట్టినా ముడుచుకునేది. గడ్డకట్టిన ఎలుకను వేడినీళ్ళలో వెచ్చబెట్టి ఇస్తే, ఎలుకను చూసి అదే పారిపోయేది. దీపం ఆర్పి, తలుపు మూసి వస్తే గాని తినేది కాదు. పెద్దది అలా కాదు, నిదానం. ఎప్పుడిచ్చినా తినేది. చేతిలోకి తీసుకుంటే మోచేతికి చుట్టుకుని బరువుగా ఉండిపోయేది. పాప బడి నుంచి రాగానే బూట్లు విప్పకుండానే వెళ్ళి దాని వీపు మీద అరచెయ్యి ఆనించేది. డబ్బాలు కింది అరలో, పాప వంగితే సరిగ్గా మొహం ఆనే ఎత్తులో ఉండేవి. పెద్దది కదిలేది కాదు, నాలుక మాత్రం ఆడించేది.

"నన్ను వాసన చూస్తోందక్కా" అనేది పాప. భాయ్ నన్ను అక్కా అంటాడని తనూ అక్కా అనేది. నా తెలుగు ఆ నోట్లోకి ఎప్పుడు దూరిందో నాకే తెలియదు.

భాయ్ గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. "అక్కా, పాము పామే. నీకు యేసయ్య ఉన్నడు, నాకు అల్లా ఉన్నడు. ఇద్దరు గూడ పాముకు దూరమే ఉండమన్నరు" అనేవాడు.

"నిన్ను చూసి అది ముడుచుకుంటోంది, దాన్ని చూసి నువ్వు ముడుచుకుంటున్నావు. ఇద్దరికీ ఒకే డబ్బా చాలు భాయ్" అనేదాన్ని.

ఆడవన్నీ ఇలా నిదానంగా, మగవన్నీ పిరికిగా ఉంటాయా అని ఒకసారి మామాను అడిగాను. ఆవిడ హిందీలో అరబ్బీ కలిపి మాట్లాడేది. "అదేం లేదు. కరిచే మగవి ఉంటాయి, వేలు తగిలితే ఓర్వని ఆడవి ఉంటాయి. ఇది దీని స్వభావం, అంతే. కాని గుడ్లు పెట్టనీ. అప్పుడు ఏ ఆడది ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు" అంది. నవ్వుతూనే అంది. నాకెందుకో ఆ నవ్వు నచ్చలేదు.

చలికాలంలో చిన్నది తిండి మానేసింది. పగలూ రాత్రీ మూత చుట్టూ తిరుగుతూ, ముక్కు కందిపోయేదాకా రాసుకునేది. "ఆకలి కాదు, ఆడదాని కోసం" అని మామా దాన్ని పెద్దదాని డబ్బాలో వదిలింది. కొన్ని వారాలకు పెద్దది మారిపోవడం మొదలెట్టింది. ఎలుకను ఇస్తే తల తిప్పుకునేది. డబ్బా అడుగున కరెంటుతో వేడెక్కే పట్టీ ఉన్న వైపుకు చేరి, ఒక్కోసారి పొట్ట పైకి పెట్టి వెల్లకిలా పడుకునేది. మొదటిసారి చూసి చచ్చిపోయిందనుకున్నాను. అప్పటికి మామాకూ ఐదో నెల పడింది. "ఇంట్ల ఇద్దరికి కడుపే అక్కా, మంత్రసానిని ఒక్కదాన్నే పిలుద్దాం" అని భాయ్ వేళాకోళమాడాడు. నేను నవ్వలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున చూస్తే గుడ్లు పెట్టి ఉంది. తెల్లగా, ఒకదానికొకటి అంటుకుని, తోలులా ఉన్నాయి. వాటి చుట్టూ పెద్దది బుట్ట అల్లినట్టు చుట్టుకుని, పైన తల పెట్టుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పాముకు రెప్పలుండవని నాకు తెలుసు. అయినా ఆ రోజు అది నన్ను చూస్తున్నట్టే అనిపించింది.

మామా నీళ్ళ గిన్నె మార్చబోయింది. అది ఎప్పుడు తల ఎత్తిందో, ఎప్పుడు వెనక్కి తీసుకుందో మాకు కనబడనే లేదు. మామా మణికట్టు మీద సూదులతో గుచ్చినట్టు వంకీలా చుక్కలు లేచాయి, చుక్కచుక్కకూ నెత్తురు. రెండేళ్ళు ఆ చేతి మీదే నిద్రపోయిన పాము. మామా చెయ్యి కడుక్కుంటూ, "తప్పు నాదే. ఖలాస్, పిల్లలు బయటికొచ్చేదాకా ఎవరూ దాని జోలికి పోవద్దు" అంది.

ఆ చుక్కలు మణికట్టు మీద కాబట్టి సరిపోయింది. అదే దెబ్బ పాప కంట్లో పడితే? ఆ రోజు నుంచి నా ప్రార్థన అంతా దాని మీదే.

పాపకు చెప్పాం. ఇద్దరం చెప్పాం. మామా గాయం చూపించింది.

"నీ మీద కోప్పడింది మామా. నా మీద కోప్పడదు" అంది పాప. నాతో మాత్రం తెలుగులో, గుట్టు చెప్పినట్టు, "అది నాదక్కా" అంది.

తలుపుకు తాళం వేద్దామంటే మామా ఒప్పుకోలేదు, "పాముల్ని ఎత్తుకుపోయే దొంగలున్నారా?" అంది. నేను మూత మీద బియ్యం మూట పెట్టాను. పాప బడి నుంచి వచ్చే వేళకు గడపలో కూర్చుని కూరలు తరిగేదాన్ని. దేవుడా, ఈ రోజు గడిచింది, నీకు స్తోత్రం అనుకుంటూ పడుకునేదాన్ని.

రెండువేల ఏడు జూన్ అది. తుఫాను వస్తోందని టీవీలో చెప్పసాగారు. నేను గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టినదాన్ని. ఆకాశం ఇత్తడి రంగుకు తిరగడం, గాలి ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోవడం నాకు తెలుసు. భాయ్ మాత్రం, "ఇది ఎడారక్కా. ఈడ ముఖం కడుక్కుందామంటేనే నీళ్ళు కొనాలె" అన్నాడు. బాబా రైసూత్ నుంచి ఫోన్ చేసి, ఎత్తులో ఉన్న తన అక్కగారింటికి అందరినీ వెళ్ళిపొమ్మన్నారు. మా ఇంటి వెనకే వాదీ, అంటే ఎండిన ఏరు. అందులో పిల్లలు బంతాట ఆడేవారు, కార్లు నిలిపేవారు.

మామా కదలనంది. "వారం పది రోజుల్లో పిల్లలు వస్తాయి. కారులో గుడ్లు దొర్లితే లోపలే చచ్చిపోతాయి." ఎనిమిదో నెల, పాదాలు వాచి ఉన్నాయి. పెద్దది గుడ్ల మీంచి లేవదు, దాన్ని వదిలి మామా లేవదు. అలా మేమందరం ఆ ఇంట్లోనే ఉండిపోయాం.

మధ్యాహ్నానికే పొద్దు కుంకినట్టయింది. కరెంటు పోయింది. గాలికి పెరటి గోడ మీది రేకు లేచి ఎటో ఎగిరిపోయింది. వాదీలోంచి మొదట చప్పుడు వచ్చింది, రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. తరవాత వంటింటి గుమ్మం కింద నుంచి మట్టినీళ్ళు నాలుకలా లోపలికి వచ్చాయి.

మామానూ పాపనూ మేడ మీది గదిలోకి పంపాను. భాయ్ నీళ్ళ డబ్బాలు, బియ్యం మోశాడు. మూత మీది మూట కూడా అతనే తీసుకెళ్ళాడు, తినేది తడవకూడదని. చిన్నదాన్ని నేను దిండు గలీబులో వేసి ముడేసి పైకి తెచ్చాను. గలీబులో పడగానే బంతిలా చుట్టుకుంది, మళ్ళీ కదల్లేదు. ఇక పెద్దది. మెట్ల మీద మామా కిందికి బయల్దేరింది. నేను చేతులు చాచి అడ్డం నిలబడ్డాను.

"జరుగు. అది మునిగిపోతుంది."

"మీరు జారితే ఏం కావాలి మామా? నేను వెళ్తాను."

"నిన్ను దగ్గరికి రానివ్వదు."

"మిమ్మల్ని మాత్రం రానిచ్చిందా?"

భాయ్ రెండు చేతులూ పైకెత్తి, "మీరిద్దరు కొట్లాడుతుంటే నీళ్ళు ఆగుతయా?" అన్నాడు. అప్పుడు నేను మామా భుజం మీంచి పైగదిలోకి చూశాను. మంచం మీద పాప లేదు.

మా కాళ్ళ పక్కనుంచే దిగిపోయి ఉంటుంది. ఎలా దిగానో నాకు తెలియదు. కింద నీళ్ళు నా మోకాళ్ళ కిందికి వచ్చాయి. పాముల గది తలుపు తెరిచి ఉంది. లోపల సగం చీకటి. పాప తొడల దాకా నీళ్ళలో నిలబడి ఉంది. మూత నీళ్ళ మీద తేలుతోంది. పాప డబ్బా అంచు మీదికి వంగి, నేను తనను బడికి బయల్దేరదీసినంత ముద్దుగా అంటోంది:

"రా. నీళ్ళొస్తున్నాయి. పైకెళ్దాం రా."

పెద్దది చుట్ట వదల్లేదు. మెడను మాత్రం కొడవలిలా వంచి వెనక్కి లాక్కుంది. దాని ముక్కుకూ పాప మొహానికీ మధ్య జానెడు కూడా లేదు. పాప చెయ్యి లేచింది, ఎప్పటిలాగే, అరచెయ్యి కిందికి పెట్టి.

అరిస్తే పాప ఉలిక్కిపడి ముందుకు తూలుతుంది. అరవలేదు. వెనక నుంచి నా చెయ్యి పాప మొహానికి అడ్డం పెట్టాను. పెద్దదాని దెబ్బ చెంపదెబ్బలా నా చేతికి తగిలింది. నొప్పి తరవాత వచ్చింది. రెండో చేత్తో పాపను నడుం పట్టి లాగేశాను. పాప ఏడవలేదు. నా చేతి మీద కారుతున్న నెత్తురు చూసింది, పెద్దదాన్ని చూసింది, మళ్ళీ నా చెయ్యి చూసింది.

భాయ్ గుమ్మంలో కనబడ్డాడు. పాపను అందించాను, మెట్ల మీద మామా చేతుల్లో పెట్టి మళ్ళీ వచ్చాడు. వస్తాడనుకోలేదు. నా చున్నీ నాలుగు మడతలు వేసి పెద్దదాని మీద కప్పాను, డబ్బాకు చెరోవైపూ పట్టుకున్నాం. భాయ్ కళ్ళు గట్టిగా మూసుకుని తన ప్రార్థన గొణుగుతున్నాడు, నేను నాది.

"కళ్ళు తెరువు భాయ్, మెట్టుంది."

"నువ్వు చెప్పు, నేను తెరవను."

డబ్బా వాల్చకుండా పైకి తెచ్చాం. చున్నీ కింద అది ఒక్కసారి బుసకొట్టింది, అంతే.

మర్నాటికి నీళ్ళు తీశాయి. మోకాలి లోతు బురద, చచ్చిన చేపల కంపు. కరెంటు రావడానికి రోజులు పట్టింది. తాగే నీళ్ళతోనే మామా నా గాయం కడిగింది. కడుగుతూ నా మొహం చూడలేకపోయింది. పాప కళ్ళు, పాప బుగ్గలు, పాప చెయ్యి, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ప్రభువు ఎంత కృప చూపాడో నాకు తెలుసు. ప్రతి పూటా చెప్పుకున్నాను. గుడ్లలో కొన్ని పగిలి వేలంత లావు పిల్లలు బయటికొచ్చాయి కూడా. పెద్దది మళ్ళీ తినడం మొదలెట్టింది, మళ్ళీ మామా మోచేతికి చుట్టుకుని కదలకుండా ఉండసాగింది, ఏమీ జరగనట్టు. పాప మాత్రం ఆ గదిలోకి వెళ్ళలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. భయం నేర్చుకుంది, మంచిదే అనుకున్నాం.

నెల తిరక్కుండా మామా ప్రసవమైంది, మగపిల్లవాడు. ఆసుపత్రి నుంచి వచ్చి తన గదిలో మంచం మీద బిడ్డ చుట్టూ చెయ్యేసి పడుకుని ఉంది. నేను సూప్ తీసుకెళ్తే పాప గడప బయటే నిలబడి ఉంది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"తాలీ, తాలీ" అని మామా అరబ్బీలో రమ్మని పిలిచింది. "తమ్ముణ్ణి ముట్టుకో, చూడు ఎంత మెత్తగా ఉన్నాడో."

పాప నా చున్నీ చాటుకు వచ్చి, తెలుగులో, చిన్న గొంతుతో అడిగింది. "అక్కా, మామా గుడ్ల మీద ఉందా?"

"ఏమంటోంది?" అని అడిగింది మామా, నవ్వుతూ, బిడ్డను ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటూ.

"చేతులు కడుక్కోలేదట మామా" అన్నాను.

సూప్ గిన్నె కింద పెట్టి పాప వెనక్కి చెయ్యి పోనిచ్చాను. పిడికిలి బిగించి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పుదామని చూశాను. విప్పనివ్వలేదు.